మా తాతను అజాతశత్రువు అనకండి



ఇది పొడవైన రాత. ఓపిక ఉన్నవాళ్లే చదవండి. నాలుగు లైన్లు చూసి కింద దండం బొమ్మ పెట్టి పోయేవాళ్లకు ముందే చెప్తున్నాం, ఇది సంతాప సందేశం కాదు. సంతాపాలు అయిపోయాయి. తాత పోయి పదకొండు నెలలైంది, వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజున మన సంఘం భవనంలో కింది గదికి తాత పేరు పెట్టి, నిలువెత్తు ఫోటో కట్టి, మా నాయినకు శాలువా కప్పి, ఐదు వందల మందికి భోజనం పెట్టాలని కార్యవర్గం తీర్మానం చేసింది. తీర్మానం కాపీ మా ఇంటికి కూడా పంపారు. మనవలు, మనవరాళ్లు కలిపి ఐదుగురం ఉన్నాం. కూర్చుని మాట్లాడుకున్నాం. మాకు ఆ సన్మానం వద్దు. ఎందుకు వద్దో చెప్పకపోతే పొగరు అనుకుంటారు కాబట్టి చెప్తున్నాం.

ఆ తీర్మానంలో రెండో పేజీ ఎంతమంది చదివారో మాకు తెలియదు. మొదటి పేజీలో తాత గొప్పతనం ఉంది. రెండో పేజీలో, అదే గదిలో ఇప్పుడున్న వాచనాలయాన్ని, ఆదివారం తెలుగు క్లాసును "తాత్కాలికంగా" ఎత్తేసి, గదికి ఏసీ పెట్టించి, పైన ఉన్న మంగళ కార్యాలయానికి భోజనశాలగా కలపాలని ఉంది. అంటే తాత నడిపిన దాన్ని తీసేసి ఆ చోటికి తాత పేరు పెడతారన్నమాట. మన షోలాపూర్‌లో తాత్కాలికంగా మూసిన మిల్లులు ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయో పెద్దలకు మేం చెప్పాలా?

సరే, మొదటి నుంచి వద్దాం.

తాత పోయిన రెండో రోజుకే చౌక్‌లో ఫ్లెక్సీ లేచింది. "భావపూర్ణ శ్రద్ధాంజలీ" అని మొదలుపెట్టి చివరిదాకా మరాఠీలోనే ఉంది. మరాఠీ మీద మాకు ఏ కోపమూ లేదు, తాతకైతే అసలే లేదు. రోజూ పొద్దున మరాఠీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. మున్సిపాలిటీకి అర్జీ రాస్తే క్లర్కులు మెచ్చుకునేవాళ్లు. వాళ్లు రాసిన జవాబులో హ్రస్వ దీర్ఘాలు తప్పు పోతే ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపిన చరిత్ర కూడా ఉంది. కానీ నలభై ఏళ్లకు పైగా ఈ పేటలో పిల్లల చేత అ ఆలు దిద్దించిన మనిషి ఫ్లెక్సీ మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. కట్టినవాళ్లు మనవాళ్లే. అడిగితే, ప్రెస్సులో తెలుగు ఫాంటు లేదన్నారు. మన పేటలో తెలుగువాళ్లు నడిపే ప్రెస్సులో.

ఆ ఫ్లెక్సీ మధ్యలో పెద్ద అక్షరాలతో "అజాతశత్రూ" అని ఉంది. అసలు పేచీ దానితోనే.

తాతకు శత్రువులు ఉన్నారు. బాగా ఉన్నారు. వాళ్లలో కొందరు అదే ఫ్లెక్సీ అడుగున వరసగా చిన్న చిన్న గుండ్రాల్లో నవ్వుతూ కనిపిస్తున్నారు. చచ్చిపోయినవాడితో ఎవరికీ తగాదా ఉండదు, నిజమే. అయితే తగాదా ఎందుకు వచ్చిందో అది కూడా చచ్చిపోయిందా? మనిషి చేసిన కొట్లాటలన్నీ తీసేసి, తెల్ల ధోతి, బొట్టు, నవ్వు మాత్రం మిగిల్చి గోడకు కడితే ఆయన మా తాత కాదు. క్యాలెండర్ మీద బొమ్మ.

మా ముత్తాత సిరిసిల్ల వైపు నుంచి మగ్గం మానుకుని, వాడి జంక్షన్‌లో బండి మారి ఈ ఊరికి వచ్చాడు. 1877లో మొదలైన పాత మిల్లు అప్పటికి ఎందరో తెలుగు నేతగాళ్లకు అన్నం పెడుతోంది. తాత ఇక్కడే పుట్టాడు. 1948లో నిజాం రాజ్యం పోయేనాటికి పదేళ్లవాడు. మిల్లులో చేరాడు, మిల్లులు మూతబడుతూ వచ్చాక సాంచెల కారఖానాలో చేరాడు. జాకార్డ్ మీద చాదర్లు నేశాడు. జీఐ గుర్తింపు వచ్చిన షోలాపురీ చాదర్ అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ గొప్ప వెనక రాత్రి పాళీ చేసి చెవులు పోగొట్టుకున్నవాళ్లలో తాత ఒకడు. చివరి పదిహేనేళ్లు గట్టిగా అరిస్తే తప్ప వినపడేది కాదు. కార్యవర్గం సభల్లో ఆయన గట్టిగా మాట్లాడేవాడని కొందరికి కోపం. మాటల్లో కోపం ఉండేది నిజమే, సగం మాత్రం సాంచెల చప్పుడు వల్ల.

ఇక క్లాసు సంగతి. అందరూ అది భాషాభిమానంతో పుట్టిందనుకుంటారు. తీర్మానంలో కూడా "మాతృభాషా ప్రేమికుడు" అని రాశారు. కాదు. అది బీడీల లెక్క కోసం పుట్టింది.

మా అవ్వ బీడీలు చుట్టేది. రాత్రి తునికాకు తడిపి పెట్టడం, పొద్దున రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం కట్టడం. రోజుకు వెయ్యి. ఇరవై అయిదుకు ఒక కట్ట, నలభై కట్టలు. అవి తీసుకుని కంపెనీకి పోతే అక్కడ మున్షీ ఇది లావు, ఇది సన్నం, ఇది వదులు అని కొన్ని ఏరి పక్కన పడేసి, కార్డులో తనకు తోచిన అంకె వేసేవాడు. అవ్వ వెయ్యి ఇచ్చి వచ్చేది, కార్డులో తొమ్మిది వందల యాభై ఉండేది. ఆమెకు ఆ అంకె చదవడం రాదు. ఒకరోజు తాత యథాలాపంగా కార్డు చూసి, "తొమ్మిది వందల యాభై ఇచ్చినవా ఇయ్యాల?" అని అడిగాడు. వెయ్యి ఇచ్చానంది. వెనకటి పేజీలు తిప్పారు. నెలల తరబడి అదే తీరు.

ఆ రాత్రే ఇంటి ముందు అరుగు మీద అవ్వకూ, పక్కింటి ఇద్దరికీ అంకెలు నేర్పడం మొదలైంది. ఒక వారంలో పదిమంది అయ్యారు. అంకెల తర్వాత పేరు రాయడం, ఎందుకంటే వేలిముద్ర వేస్తే మున్షీ నవ్వేవాడు. పేరు ఏ భాషలో రాయాలి అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. వాళ్లకు నోట్లో ఉన్నది తెలుగు. అదే నేర్పాడు. మరాఠీలో కూడా పేరు రాయడం నేర్పాడు, ఆఫీసులో పనికొస్తుందని. తల్లుల వెంట వచ్చిన పిల్లలు పలకలు లాక్కున్నారు. అరుగు చాలక సంఘం కింది గది అడిగాడు. అప్పుడది చాదర్ల గోనెలు పడేసే చోటు. ఆ గదికి సున్నం వేయించింది ఎవరు అనుకుంటున్నారు? బీడీ కార్మిక ఆడవాళ్లు తలా రెండు రూపాయలు వేసుకుని వేయించారు. లెక్క తాత వహీలో ఉంది, పేర్లతో సహా.

వహీల గురించి కూడా చెప్పాలి. ముప్పై ఒకటి దొరికాయి. నీలం అట్టవి, ఎర్ర అట్టవి, కొన్ని చెదలు తిన్నాయి. ఏ రోజు ఎవరి ఉత్తరం చదివాడు, ఎవరి అర్జీ నింపాడు, ఏమైంది, అన్నీ పొడి పొడిగా రాసిపెట్టాడు. ఒక పేజీలో ఒకే ఒక వాక్యం ఉంది: ఉత్తరం నాలుగు రోజులు ఇంట్లోనే ఉంది, చదివేవాళ్లు లేరు. ఆ సంగతి అవ్వ చెప్పింది. సందు చివర ఇంట్లో ఒక ఆమెకు కరీంనగర్ జిల్లా నుంచి తమ్ముడు ఉత్తరం రాశాడు, అమ్మకు సీరియస్‌గా ఉంది రమ్మని. ఇంట్లో పిల్లలు మరాఠీ బడికి పోతారు, తెలుగు చదవలేరు. ఎవరో వచ్చినప్పుడు చదివించుకుందామని అద్దం వెనక పెట్టింది. నాలుగో రోజు తాత కనిపిస్తే తెచ్చిచ్చింది. చదువుతుంటే ఆయన గొంతు పెగల్లేదట. ఆ రాత్రి బండికే పోయింది. పోయేసరికి అక్కడ అయిపోయింది.

తెలుగు చదవడం ఎందుకు, ఉద్యోగం వస్తుందా అని మొన్న సభలో ఒక పెద్దమనిషి అడిగారు. ఉద్యోగం రాదు. ఆమెకూ ఉద్యోగం అవసరం పడలేదు.

అయితే ఇప్పుడు ఉత్తరాలెక్కడివి, ఫోన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఉత్తరాలు పోయాయి, కాగితాలు పోలేదు. పోయినేడాది పాత బీడీ కార్మికుల పీఎఫ్ కాగితాలు పట్టుకుని ఎంతమంది ముసలమ్మలు మా ఇంటి చుట్టూ తిరిగారో మా సందు వాళ్లను అడగండి. ఒకే మనిషి ఇంటిపేరు రేషన్ కార్డులో ఒక తీరు, బీడీ కార్డులో ఇంకో తీరు, ఆధార్‌లో మూడో తీరు. తెలుగు ఇంటిపేరును మరాఠీలో విన్నవాడు విన్నట్టు రాస్తే అట్లాగే ఉంటుంది. పేరు కలవక పింఛను ఆగిపోయిన ఇళ్లు మన పేటలోనే ఉన్నాయి. అసలు పేరు ఏమిటో తేల్చాలంటే, ఎనభై ఏళ్ల ముసలమ్మ చెప్పే మాట విని, ఆమె ఊరు, ఇంటిపేరు పలికే తీరు పట్టుకుని రాయగలిగినవాడు కావాలి. తాత చివరి నాలుగేళ్లు చేసిన పని ఎక్కువగా ఇదే. కళ్లకు భూతద్దం పెట్టుకుని మరీ.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. బీడీల మీద వేసే సెస్సు డబ్బుతో పిల్లలకు స్కాలర్‌షిప్పు, వైద్యం, ఇల్లు కట్టుకోవడానికి సాయం. చట్టం ఢిల్లీలో పుట్టింది, మన సందుకు నడిచి రాలేదు. దాన్ని మోసుకొచ్చినవాళ్లు యూనియన్ల వాళ్లు, తాతలాంటి ఫారాలు నింపేవాళ్లు. ఇప్పుడు మన సంఘంలో కోటు వేసుకుని మాట్లాడే ఇంజనీర్లు ఇద్దరి స్కాలర్‌షిప్ ఫారాలు ఎవరి చేతిరాతలో ఉన్నాయో వహీలు చెప్తాయి. పేర్లు బయటపెట్టం. వాళ్లకు తెలుసు, అది చాలు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయింది. ఆ వార్త చదివిన రోజు తాత అన్నం సగంలో వదిలి లేచాడు. ఇక ఏ సంవత్సరం బడ్జెట్లో ఎంత వేస్తారో అంతే, మనకంటూ ఒక నిధి లేదు అన్నాడు. ఆ సాయంత్రం వాచనాలయంలో కూర్చోబెట్టి అందరికీ చదివి వినిపించాడు. మన సంఘం ఆ నెల దేని మీద చర్చించిందో మినిట్స్ పుస్తకంలో చూశాం. మంగళ కార్యాలయానికి షాండ్లియర్ల మీద.

ఇక శత్రువుల సంగతి.

మొదటి తగాదా లెక్కల మీద. నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవం. ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. మన పేట తరఫున మజ్జిగ పందిరి వేస్తాం, చందాలు వసూలు చేస్తాం. ఒక ఏడు తాత నిలబడి, ఎంత వచ్చింది, మజ్జిగకు ఎంత పోయింది, మిగతాది ఎక్కడ అని అడిగాడు. దేవుడి పనికి లెక్కలు అడుగుతావా అన్నారు. దేవుడి డబ్బు కాబట్టే అడుగుతున్నా అన్నాడు. మూడేళ్లు ఆయన్ని పందిరి దగ్గరికి రానివ్వలేదు. ఆయన మా ఇంటి ముందు కుండ పెట్టి మజ్జిగ పోశాడు. మా చిన్నప్పుడు ఆ కుండ దగ్గర గ్లాసులు కడిగింది మేమే.

రెండోది సాంచెల సమ్మె. దీపావళి బోనస్ కోసం కారఖానాల్లో పని ఆగింది. కార్యవర్గంలో సగం మంది కారఖానా యజమానులు. సంఘం మధ్యవర్తిగా ఉంటుందని చెప్పి యజమానుల తరఫున కరపత్రం వేసింది. అదీ తెలుగులో! చూశారా, అవసరమైతే ఫాంటు దొరుకుతుంది. తాత తన కులపోళ్ల మీదే నిలబడ్డాడని, సమాజాన్ని చీల్చాడని అన్నారు. ఆ రోజుల్లో మా మేనత్త పెళ్లి సంబంధం ఒకటి తప్పిపోయింది, ఈ కారణంతోనే. దీన్ని మా ఇంట్లో ఇప్పటికీ మెల్లగానే మాట్లాడుకుంటాం, మేనత్త ఉన్నప్పుడు అసలు మాట్లాడం.

మూడోది అందరికన్నా పెద్దది. క్లాసుకు ఎవరు రావచ్చు అనేది. పద్మశాలి పిల్లలకే అని కొందరి పట్టు. ఈ పేటలో తెలుగు మాట్లాడే ఇళ్లు మనవి మాత్రమే కాదు. చెప్పులు కుట్టేవాళ్లున్నారు, మేస్త్రీ పని చేసేవాళ్లున్నారు, మున్సిపాలిటీ సఫాయి పనివాళ్లున్నారు. వాళ్ల పిల్లలు వచ్చి చాప మీద కూర్చుంటే నలుగురు తల్లిదండ్రులు తమ పిల్లల్ని లేపుకుని పోయారు. తాత వెనక్కి పిలవలేదు. ప్రతి జనవరి 12న క్లాసులో పాఠం ఉండేది కాదు. 1930లో ఈ ఊళ్లో మార్షల్ లా పెట్టిన కథ చెప్పేవాడు. 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీసిన మన ఊరివాళ్లు నలుగురి పేర్లు పిల్లల చేత పలకల మీద రాయించేవాడు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా. తెలుగు క్లాసులో ఈ పేర్లు ఎందుకని ఒకాయన అడిగితే, ఒత్తులూ దీర్ఘాలూ బాగా వస్తాయి అందుకే అన్నాడట. తాత వెటకారం అట్లా ఉండేది.

ఇన్ని తగాదాలున్న మనిషిని అజాతశత్రువు అంటే మాకు అవమానంగా ఉంది. ఆయన అడిగిన లెక్కలు ఎవరూ అడగలేదన్నట్టు, ఆయన తెరిచిన తలుపు మొదటి నుంచీ తెరిచే ఉన్నట్టు చేస్తోంది ఆ మాట.

ఇప్పుడు మా ఇంటి వైపు కూడా ఒక మాట చెప్పుకోకపోతే ఇదంతా పక్షపాతమే అవుతుంది. తాత సమాజ సేవ చేశాడు. ఇల్లు ఎవరు నడిపారు? కారఖానా జీతంలో సగం పలకలకు, స్టాంపులకు, ఎవరి ఆసుపత్రి ఖర్చుకో పోయేది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజు కూలీ లేదు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగింది అవ్వ చుట్టిన వెయ్యి బీడీలతోనే. నలభై ఏళ్లు. ఆమె వేళ్ల కొసలు ఇప్పటికీ నల్లగా, మొద్దుగా ఉంటాయి. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. తంబాకు దుమ్ముకు వచ్చిన దగ్గు రాత్రిళ్లు ఇంకా వినపడుతుంది. ఆమెను ఒక్కసారైనా అడిగి తాత ఎవరికీ డబ్బు ఇచ్చిందీ లేదు, ఎవరినీ భోజనానికి పిలిచిందీ లేదు. మాకు ఆయన మీద ఉన్న కోపం అదొక్కటే. ఊరి ఆడవాళ్ల కూలీ కోసం కొట్లాడినవాడు ఇంట్లో ఆమె కూలీని లెక్కలోకి తీసుకోలేదు. ముప్పై ఒక్క వహీల్లో అవ్వ పేరు ఒక్కచోట ఉంది, సున్నం చందాలో, రెండు రూపాయలు.

కార్యవర్గం తీర్మానంలో ఆ ఒక్కచోట కూడా లేదు.

సరే, గది సంగతికి వద్దాం. పిల్లలు రావడం లేదు, ఖాళీ గది పెట్టుకుని ఏం చేస్తాం అంటున్నారు. పిల్లలు తగ్గారు, ఒప్పుకుంటాం. పోయిన ఆదివారం తొమ్మిది మందే. ఎందుకు తగ్గారో కూడా ఒప్పుకోండి మరి. పెళ్లిళ్ల సీజన్‌లో క్లాసు పది గంటల నుంచి ఏడింటికి మార్చారు. క్యాటరింగ్ వాళ్ల డేగిశాలు గదిలో పెట్టించారు. పుస్తకాల బీరువాను మెట్ల కిందికి తోశారు, వానాకాలం నీళ్లొచ్చి అడుగు వరస పుస్తకాలు ఉబ్బిపోయాయి. పంకా ఆగిపోయి రెండేళ్లయింది. హైదరాబాద్ నుంచి వచ్చే పేపరు ఖర్చు దండగని మాన్పించారు. చెట్టుకు నీళ్లు ఆపేసి, ఆకులు రాలాయి కాబట్టి కొట్టేద్దాం అన్నట్టుంది ఈ వాదన.

హాలు అద్దె పెరిగితే ఆ డబ్బుతో పేద పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వొచ్చు కదా అంటున్నారు. మంచి మాట. ఇప్పుడొచ్చే అద్దెతో ఎంతమందికి ఇచ్చారు? మూడేళ్లుగా లెక్క సర్వసభ్య సభలో చదవలేదు. ముందు అది చదవండి. లెక్క బాగుంటే మొదట చప్పట్లు కొట్టేది మేమే.

మరాఠీ, ఇంగ్లీషు వస్తే చాలదా అంటున్నారు. పిల్లలకు మరాఠీ రావాలి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం అన్ని బడుల్లో మరాఠీ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది, అందులో మాకు కనిపించే తప్పేమీ లేదు. ఈ నేల భాష అది. కానీ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోనే 350ఏ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. రాజ్యాంగం ఇచ్చిన దాన్ని షోలాపూర్ మున్సిపాలిటీ తెలుగు బడుల రూపంలో మన తాతలు అనుభవించారు. ఆ బడుల్లో తరగతులు పల్చబడుతుంటే మనం అడ్డం పోలేదు, మన పిల్లల్ని పంపలేదు కాబట్టి అడిగే మొహం కూడా లేదు. ఇక మిగిలింది ఈ ఒక్క గది. దీన్ని ఏ ప్రభుత్వమూ మూయడం లేదు, ఏ మరాఠీ సోదరుడూ మూయమనడం లేదు. మనమే మూస్తున్నాం, భోజనాల కోసం.

బతుకమ్మ ఆడుతున్నాం కదా, సంస్కృతి ఎక్కడికి పోతుంది అని ఒక అక్క గ్రూపులో రాసింది. ఆడుతున్నాం, అక్కా. పాట మొబైల్లో పెట్టి డీజేకి తగిలించి ఆడుతున్నాం. పాట పాడే ముసలమ్మలు కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు.

మేమేమీ గొప్పవాళ్లం కాదు. ఐదుగురిలో ముగ్గురికే తెలుగు సరిగ్గా చదవడం వచ్చు. ఇద్దరికి కూడబలుక్కుని వస్తుంది. తాత స్వయంగా దిద్దించినా సరే, తప్పించుకుని క్రికెట్‌కు పోయాం. మా పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు. ఒకరం పుణెలో, ఒకరం హైదరాబాద్‌లో ఉంటున్నాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లం నోరు తెరిస్తే, మీది ఏం తెలుగండీ అని నవ్వుతారు. తాత ఆ నవ్వుకు సిగ్గుపడలేదు. ఆయన వహీల్లో ఒకటి పూర్తిగా మన ఊరి తెలుగు మాటలతో నిండి ఉంది. సాంచె భాగాల పేర్లు, బీడీ పని మాటలు, మరాఠీ నుంచి, కన్నడ నుంచి మన నోట్లోకి వచ్చి మారిపోయినవి, పక్కన అర్థాలు. సగంలో ఆగిపోయింది. ఆయన పోయాక అది చూసి మేం ఐదుగురం ఏడ్చాం, ఇది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు. కానీ ఏడ్చి మళ్లీ ఎవరి ఊరికి వాళ్లం పోయాం. ఆదివారం క్లాసును పదకొండు నెలలుగా నడుపుతున్నది మేం కాదు. తాత దగ్గర చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు నడుపుతున్నారు. ఒక పిల్ల టవల్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ఒక పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం. ఆ గదిని భోజనశాల చేసే ముందు వాళ్లిద్దరిని ఒక్క మాట అడిగారా? మమ్మల్ని అడగడం దేనికి, మేం మనవలమన్న ఒక్క కారణంతోనా?

ఫోటో వద్దు, పేరు వద్దు, శాలువా వద్దు. ఐదు వందల మంది భోజనం డబ్బు సంఘం దగ్గరే ఉంచండి. గది గదిగా ఉంచండి. డేగిశాలు బయట పెట్టండి, బీరువా లోపల పెట్టండి, క్లాసు పదింటికి చేయండి. వహీలన్నీ మేం ఫోటోలు తీయించి అసలువి ఆ బీరువాలోనే పెడతాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అందులో మీ పేరు కనిపిస్తే మాత్రం మా మీద కోపం తెచ్చుకోకండి.

పేరు పెట్టి తీరాలని పట్టుబడితే అవ్వ పేరు పెట్టమని అడుగుదామని మాలో ఇద్దరం అన్నాం. మంచి ఆలోచన అనుకుని పోయి ఆమెకే చెప్పాం. ఆమె తునికాకు లేని చాటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తకుండానే అంది: "నా పేరేం వద్దు బిడ్డా. ఆ గదిల పంకా తిరుగుతలేదంట, పోరగాళ్లు ఉక్కపోతకు సస్తున్నరు. అది సూడుండ్రి ముందు."

పంకా కొన్నాం. శనివారం ఎలక్ట్రీషియన్ వస్తాడు.

సర్వసభ్య సభ ఆదివారం పదకొండింటికి అని నోటీసు ఇచ్చారు. వీలైనవాళ్లంతా రండి, ముఖ్యంగా ఆడవాళ్లు రండి, సభ్యత్వం మగవాళ్ల పేరు మీదే ఉందని వెనక్కి తగ్గకండి. సున్నం వేయించిన గది అది. కార్యదర్శి గారు గది తాళంచెవి ఇమ్మని రెండుసార్లు మనిషిని పంపారు. తాత మొలతాడుకు కట్టుకునే తాళంచెవి మా దగ్గరే ఉంది, ఇవ్వలేదు. ఆదివారం తొమ్మిదింటికి మేమే వచ్చి తలుపు తీస్తాం. క్లాసు మామూలుగానే ఉంటుంది. 'ఖ' గుణింతం దగ్గర ఆగిందట, అక్కడి నుంచి మొదలు. పలకలు గదిలో ఉన్నాయి, బలపాలు మాత్రం తెచ్చుకోవాలి.